మూడోసారి పిలిచిన గొంతు

రాసుకోండమ్మా, నేను చెప్తాను. నాకు సంతకం పెట్టడం వచ్చు, బస్సు బోర్డు కూడబలుక్కుని చదవడం వచ్చు. ఆసుపత్రిలో ఆయాగా ఇన్నేళ్లు చేయడానికి ఆ రెండూ సరిపోయాయి. మిగతాదంతా నోటితోనే నెట్టుకొచ్చాను. గొంతు మోటుగా ఉంటాది, ఏటీ అనుకోకండి.

మీరు కొత్తగా ఈ పనిలోకి వచ్చినోళ్లు. మీ చేతికి ఏదో ఒక మిషను ఇచ్చి కొండ మీదికి పంపుతారు. ఎల్లండి. వద్దని చెప్పడానికి కాదు ఇదంతా. ఒక్క రోజు సంగతి చెప్తాను. ఉద్యోగంలో నేను పురుళ్లు చూశాను, చావులు చూశాను, పాము కాటుకి బొగ్గయిపోయిన కాళ్లు చూశాను. ఏదీ నన్ను ఆ రోజులాగ కొయ్యబొమ్మని చేసెయ్యలేదు. ఇప్పటికీ వెనకనుంచి ఎవరైనా పిలిస్తే గుండె ఒకసారి ఆగి మళ్లీ కొట్టుకుంటాది.

నాది కింద దేశం. పెళ్లయి అరకు వచ్చాను. మా ఆయన రోడ్డు పక్కన లారీలకి పంచర్లు వేసేవాడు. ఆయన పోయాక, కూలికి పోతున్నదాన్ని డాక్టరమ్మ పిలిచి ఆయాగా పెట్టింది. తుడవడం, నీళ్లు కాయడం, సూది వేసేటప్పుడు పిల్లల్ని గట్టిగా పట్టుకోవడం, నర్సమ్మ కొండ ఊళ్లకి వెళ్తే సంచి మోస్తూ వెనకాల వెళ్లడం. ఇదీ నా పని. నా సర్వీసులో ఆఖరి నర్సమ్మ చిన్న గుంట, కురుపాం వైపు పిల్ల. మనసున్నదే. కోపం వస్తే మాత్రం తేలు.

మేం వెళ్లే ఊళ్లలో ఒకటి డుంబ్రిగుడ దాటి, జీపు ఆగిపోయే చోట నుంచి ఒక గట్టెక్కి దిగితే వస్తాది. నేను మొదట్లో వెళ్లినప్పుడు ఆ ఊళ్లో కూర్చున్న ముసలోళ్లే కనబడేవారు కారు. నీళ్లకి గెడ్డలోకి దిగేవారు, చోళ్లు, అదే రాగులు, కోసుకురావడానికి పైకెక్కేవారు, సంతకి నడిచే వచ్చేవారు. తర్వాత గుమ్మం ముందుకి కుళాయి వచ్చింది. బియ్యం బండి వచ్చింది. సంతకి ఆటో వచ్చింది. మంచిదే కదా, ఎవరు కాదంటారు? కానీ ముసలోళ్లు అరుగుల మీదకి చేరిపోయారు. పొద్దున్న అరుగు, సాయంత్రం అరుగు. కాళ్లు నీరు పట్టడం, కళ్లు తిరగడం, కింద దేశపు షావుకార్లకి వచ్చే సుగరు కొండెక్కి వీళ్లకీ వచ్చేసింది. డాక్టరమ్మ మాత్రలిచ్చి, "నడవండి తాతా, నడవండి అమ్మమ్మా" అని బతిమాలేది. వాళ్లు తలూపి, ఆటో ఎక్కి ఇంటికెళ్లేవారు.

అప్పుడొచ్చాయి ఆ పెట్టెలు.

పట్నం ఆఫీసు కుర్రాడొకడు తెచ్చాడు. సబ్బు పెట్టంత ఉంటాది, మెడలో తాడు కట్టి వేలాడదీసుకోవాలి. మనిషి చాలాసేపు కదలకుండా కూకుంటే అదే మాట్లాడతాది, లేచి నడవమని. లేచాక పచ్చ బొత్తం నొక్కాలి. నొక్కితే సెబాస్ అంటాది. నొక్కకపోతే ఊరుకుంటాది. రాత్రిళ్లు పలకదు. అంతే. ఆపడానికి మీట లేదు. "ఆపే మీట పెడితే పెద్దవాళ్లు ఆపేసుకుంటారు ఆయమ్మా" అన్నాడు ఆ కుర్రాడు నవ్వుతూ. తెలివైన మాటే అనుకున్నాను నేను కూడా.

మొదట దాంట్లో ఉన్నది టీవీలో వార్తలు చదివే పిల్లలాంటి గొంతు. "నమస్కారం! మీరు చాలాసేపటి నుంచి కూర్చుని ఉన్నారు. దయచేసి లేచి కొద్దిసేపు నడవండి."

ముసలమ్మలు పెట్టెకి దండం పెట్టేవారు. "నువ్వూ కూకోమ్మా, పాపం, నిలబడి ఎంతసేపు మాటాడతావు" అనేవారు. ఒకాయన నన్ను పక్కకి పిలిచి అడిగాడు, "ఆయమ్మా, ఈ గుంట ఏ ఇంటి కోడలు? మావకి పన్లు సెప్తన్నాదేటి?" అని. ఒక్క మనిషి నడిస్తే ఒట్టు.

ఆఫీసు కుర్రాడు మళ్లీ వచ్చి ఊరి మధ్య కూర్చుని, పిలిస్తే ఎందుకు పలకట్లేదని అడిగాడు. ఊరంతా ఒక ముసలమ్మ వైపు చూసింది. ఈవిడ సంగతి చెప్పాలి. థింసా ఆటలో వరసకి ముందుండే మనిషి. పసుపు ఉడకబెట్టాలన్నా, చోళ్ల కోతకి మనుషుల్ని తోలాలన్నా ఆవిడ గొంతెత్తితే చాలు, అవతల గట్టు మీద మేకలు తల తిప్పేవి. వయసులో నాకంటే చాలా పెద్ద. నేను అప్పా అనేదాన్ని.

అప్ప ఆ కుర్రాడికి చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. "బాబూ, కనబడకుండా ఎవులైనా పేరెట్టి పిలిస్తే ఒకటోసారి పలక్కూడదు, రెండోసారీ పలక్కూడదు. సచ్చినోలు కూడా పిలుత్తారు కదా. ఆలకి మూడోసారి పిలవడానికి ఊపిరి సాల్దు. మూడోసారి పిలిసినాదంటే బతికున్న మనిసే. అప్పుడు పలకాల. మీ పెట్టె ఒక్కసారి పిలిసి నోరు మూసుకుంటే ఎవులు పలుకుతారు?"

ఆ కుర్రాడికి ఎంత సంతోషమో! కొండ మీద బంగారం దొరికినట్టు ఎగిరాడు. అయితే మూడుసార్లు పిలిచేలా చేస్తామన్నాడు. గొంతు కూడా మార్చేస్తాం, ఈ అమ్మమ్మ గొంతే పెడతాం, ఒక్కొక్కరినీ వరసపెట్టి పిలిపిస్తాం అన్నాడు. ఊరంతా చప్పట్లు కొట్టింది. నర్సమ్మ కొట్టింది, నేనూ కొట్టాను. అందులో తప్పేటుందో అప్పుడు దేవుడికైనా కనబడేది కాదు.

ఆవిడ మాటలు రికార్డు పట్టింది మా ఆసుపత్రిలోనే, సూదులేసే గదిలో, కిటికీలు మూసి. కాయితం మీద రాసిచ్చిన మాటలు నర్సమ్మ చదివి చెప్తుంటే అప్ప చెయ్యి అడ్డం పెట్టేసింది. "అలాగ పిలిస్తే కుక్క కూడా రాదు. నన్ను పిలవనీ." ఇక మొదలెట్టింది. వాళ్ల భాషా తెలుగూ కలిపేసి, బావని బావలాగ, వదినని వదినలాగ, తిట్టాల్సినోళ్లని తిట్టి. అందరికీ చివర ఒకటే మాట. "నేను ముందెల్తన్నాను, నువ్వు ఎనకాల రా." పనికి మనుషుల్ని తోలుకెళ్లేటప్పుడు ఆవిడ ఎప్పుడూ అనే మాటే అది.

మొగుడి వంతు ఆఖర్న వచ్చింది. ఆయన బయట కిటికీ కింద చుట్ట కాల్చుకుంటూ కూర్చున్నాడు. ఆ మొగుడూ పెళ్లాల సంగతి ఏటంటే, ఆయన ఒకటంటే ఈవిడ రెండంటాది. ఒక మాట కింద పడనిచ్చేది కాదు.

"ఓయ్ ముసిలోడా! అరుగు అరిగిపోనాది, నీ బద్దకం అరగలేదు. నెగు!" అంటూ లేవమంది అప్ప.

కిటికీ బయట నుంచి, "నెగనే, కాకి గొంతుదానా!" అన్నాడాయన.

"కాకి పిలిస్తేనే సుట్టాలొస్తారు. గుడ్లగూబ పిలిస్తే ఎవులొస్తారు?"

ఆఫీసు కుర్రాడు నెత్తి కొట్టుకున్నాడు. మళ్లీ మొదటి నుంచి పట్టాలి. మళ్లీ ఆవిడ పిలిచింది, మళ్లీ ఆయన కాకి అన్నాడు, మళ్లీ ఆవిడ ఊరుకోలేదు. నర్సమ్మ నవ్వలేక మంచం మీద పడిపోయింది. చివరికి నేను బయటికి వెళ్లి ఆయన నోటి మీద చెయ్యి పెట్టి పట్టుకుంటే గానీ పని అవలేదు.

చెప్తే నమ్మరు, ముసలోళ్లు నడిచారమ్మా! పెట్టె పిలిస్తే గునుసుకుంటూ లేచి, గెడ్డ దాకా పోయి వచ్చేవారు. ఎవరి మెడలో పెట్టె పలికినా అప్ప తన అరుగు మీద నుంచి, "సూసినావా, పిలిసినాను కదా" అనేది. తనే పిలిచినట్టు. అలా అంటూ అంటూ కొంతమందికి అది నిజమైపోయింది. ఆవిడ గొంతు ఏదో తీగల్లోంచి అప్పటికప్పుడు వస్తున్నట్టే అనుకున్నారు. మేం నవ్వాం. కాదని గట్టిగా చెప్పిన వాళ్లెవరూ లేరు. పట్నం నుంచి పెద్దలొచ్చి ఫోటోలు తీసుకున్నారు. నడకలో మీ ఊరే ముందుంది అన్నారు.

ఆ రోజు పొద్దున్న అప్ప కొడుకు మోటారు సైకిలు మీద ఆసుపత్రికి వచ్చాడు. మనిషి మొహంలో నెత్తురు లేదు. "నర్సమ్మా, ఆయమ్మా, బేగి రండి" అంటాడు తప్ప ఇంకో మాట రాదు. నేను నీళ్లిచ్చి, కూకోబెట్టి అడిగితే అప్పుడు చెప్పాడు. ముందు రోజు పొద్దున్న వాళ్లమ్మ చోళ్ల చేలో పడిపోయింది. మోసుకొచ్చేసరికి ప్రాణం లేదు. మధ్యాహ్నం దాటాక పాతిపెట్టేశారు.

అప్ప? అంతకు ముందు సంతలోనే నా బుగ్గ గిల్లి వెళ్లింది.

"అది కాదు ఆయమ్మా" అన్నాడు వాడు. "నిన్న పాతిపెట్టి ఒచ్చి, తానాలు సేసి, పెద్దోలంతా మా వాకిట్లో కూకున్నారు. ఎవులూ మాటాడలేదు, ఎవులూ కదల్లేదు. అలాగ సేనాసేపు కూకున్నాక..." అని ఆగిపోయాడు.

నర్సమ్మ మొహం చూశాను. ఆవిడకి ముందే అర్థమైపోయింది. చేతిలో సూది కింద పడేసింది.

కూర్చున్నారు కదా, కదలకుండా. పెట్టెలు పిలిచాయి. ఒకదాని తర్వాత ఒకటి, అందరి మెడల్లోంచీ. పాతిపెట్టి వచ్చిన తానాల తడి ఇంకా ఆరలేదు, ఆవిడ గొంతే. "ఓ బావా! ఇంకా కూకున్నావేటి? నేను ముందెల్తన్నాను, నువ్వు ఎనకాల రా." "ఒలే వదినా! నెగు, నేను ముందెల్తన్నాను."

ఆ వాకిలి మీరు ఊహించుకోండి. నా వల్ల కాదు చెప్పడం.

ఒకాయన భయంతో పచ్చ బొత్తం నొక్కేశాడట. "సెబాస్! అద్గదీ, రా రా" అందట అది. ఆయన దాన్ని విసిరేసి ఇంట్లో దూరి తలుపేసుకున్నాడు. ఊరు ఊరంతా తలుపులేసుకుంది.

మేం జీపులో బయల్దేరాం. గట్టు మీద ఒక చోటే సిగ్నలు అందుతాది. అక్కడ నర్సమ్మ ఆగి ఆఫీసు కుర్రాడికి ఫోన్ చేసింది. పక్కనే ఉన్నాను, అవతలి మాట నాకూ వినబడింది. "అయ్యో, చనిపోయారా? సారీ మేడం. గొంతు ఇక్కడి నుంచి తీసెయ్యలేం, పెట్టెల్ని తేవాలి." కొంచెం ఆగి, "మేడం, ఒక మాట. అన్ని ఊళ్లకంటే అక్కడే, ఆ గొంతుకే బాగా నడుస్తున్నారు. ఇంకో గొంతు దొరికేదాకా ఉంచుదామా?"

నర్సమ్మ ఫోన్ కట్ చేసి గట్టు దిగడం మొదలెట్టింది. నేను ఆ కుర్రాణ్ని చెడ్డోడు అనను. వాడికి అక్కడి నుంచి గొంతు కనబడింది గానీ మనిషి కనబడలేదు. ఆ సాయంత్రమే వాడు పడుతూ లేస్తూ జీపేసుకుని వచ్చి పెట్టెలన్నీ మూట కట్టుకుపోయాడు, కళ్లనీళ్లు పెట్టుకున్నాడు కూడా. మళ్లీ ఆ ఊరికి పెట్టెలు రాలేదు. నేను రిటైరయ్యే దాకా రాలేదు. ఇది ముందే చెప్పేస్తున్నాను, తర్వాత చెప్పడానికి నాకు మనసొప్పదు.

ఊళ్లో అడుగు పెట్టగానే చూసింది ఏటనుకున్నారు? మొదటి ఇంటి చూరుకి ఉయ్యాల కట్టి ఉంది. చీర ఉయ్యాల. అప్ప ఇల్లే అది, ఆవిడ కోడలు ఊపుతోంది. ఊపుతూ వణుకుతోంది. బిడ్డకి జ్వరమేమోనని నేను తొంగి చూశాను. లోపల బిడ్డ లేదు. పెట్టెలు. ఊళ్లో పెట్టెలన్నీ తెచ్చి ఉయ్యాల్లో వేశారు.

"కదలకపోతే పిలుత్తాది ఆయమ్మా" అంది ఆ పిల్ల. "సోళ్ల బుట్టలో దాసినా పిలిసినాది. మూడేసిసార్లు. అందుకే వంతులేసుకుని ఊపుతన్నాం."

పగలగొట్టకపోయారా అంటే, పగలగొడితే అత్త గొంతు బయటికొచ్చి ఊరి మీద తిరుగుతాదని పెద్దలన్నారట. నవ్వొస్తోంది కదూ మీకు? ఆ ఉయ్యాల తాడు పట్టుకుని చూస్తే నవ్వు రాదు.

"అన్నీ ఉన్నాయా ఇందులో?" అడిగింది నర్సమ్మ.

"మావది లేదు. మావా లేడు."

ఆయన సంగతి అప్పుడు చెప్పింది. నిన్న సాయంత్రం అందరూ చెవులు మూసుకుని పారిపోతే ముసలాయన ఒక్కడూ కదల్లేదట. వాకిట్లో కూకుని విన్నాడు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. పొద్దున్న కొడుకు మా కోసం బయల్దేరాక మళ్లీ విన్నాడు. లేచి చూరులోంచి గునపం తీశాడు.

"మూడోసారి పిలిసినాది. అది బతికే ఉన్నాది. మీరు బతికున్నదాన్ని పూడ్సేసినారు" అన్నాడట.

కాఫీ తోట వెనక, సిల్వరు ఓకు చెట్లు దాటి, ఏటవాలుగా ఉంటాది వాళ్ల మట్టి చేసే చోటు. మేం పరిగెత్తాం. ఊరి మగాళ్లు బయటే, చెట్ల కింద నిలబడ్డారు. లోపలికి ఎవరూ అడుగు పెట్టట్లేదు. ఇద్దరు కుర్రాళ్ల చేతుల్లో నాగలి తాడు ఉంది.

లోపల ముసలాయన తవ్వుతున్నాడు. పైన పేర్చిన రాళ్లన్నీ తీసేశాడు. ఆవిడ కోసం పెట్టిన గిన్నె, గంటె పక్కన జాగ్రత్తగా బోర్లించి ఉన్నాయి. మోకాళ్ల దాకా గోతిలో ఉన్నాడు. అరుగు దిగడానికి కర్ర కావాలనే మనిషి!

కుల పెద్ద మా దగ్గరికొచ్చి మెల్లిగా చెప్పాడు. "నర్సమ్మా, గోయి తెరిస్తే ఊరికి ముప్పు. ఇంకొన్ని సావులు నెగుస్తాయి. తెరిసినోన్ని మేం ఊళ్లో ఉంచలేం. అన్న వరస నాకు. కట్టి తీసుకుపోతాం. నువ్వు సెప్పి సూడు, లేపోతే మేం దిగుతాం."

కట్టేస్తే ఏమవుతాదో నాకు తెలుసు. ఆయనకి బీపీ. గింజుకుని గింజుకుని అక్కడే పోతాడు. పోకపోయినా, పెళ్లాం మట్టి కింద ఊపిరాడక కొట్టుకుంటోందని నమ్మిన మనిషిని తాడేసి ఈడ్చుకెళ్తే, ఆ తర్వాత ఎన్నాళ్లు బతికినా అది బతుకా?

మేమిద్దరం లోపలికెళ్లాం. నర్సమ్మ గోతి అంచున కూర్చుని మెల్లిగా చెప్పింది, తాతా, అది అప్పుడు పట్టి పెట్టిన గొంతు, కిటికీ దగ్గర నువ్వూ ఉన్నావు కదా అని.

ఆయన గునపం ఆపలేదు. "ఉన్నాను. అప్పుడది బతికే ఉన్నాది కదా. బతికున్నప్పుడు పిలిసినాది. ఇప్పుడూ పిలిసినాది. మరి?"

"తాతా, ప్రాణం పోయాకే కదా తెచ్చారు..."

అప్పుడు ఆగాడు. మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"ఎవులు సూసినారు? డాట్రు సూసినాదా? నువ్వు సూసినావా గుంటా? ఒళ్లు ఎచ్చగానే ఉన్నాది. నేను పట్టుకున్నాను. ఎచ్చగానే ఉన్నాది."

అమ్మా, నా వీపు మీద ఎవరో మంచు నీళ్లు పోసినట్టయింది. ఎవరు చూశారు? ఎవరూ చూడలేదు. చేలో పడిపోయింది, మధ్యాహ్నం దాటగానే పాతేశారు. నేను వెనక్కి తిరిగి కొడుకు వైపు చూశాను. వాడు చెట్టు కింద నుంచే అరిచాడు. "ముక్కు కాడ దూదెట్టినాం ఆయమ్మా! సేనాసేపు సూసినాం! ఆడోలు నీల్లు పోసినారు, కదల్లేదు!" అరుస్తూనే ఏడ్చేశాడు. ఎండ నడి నెత్తి మీద ఉంది. అయినా ఒక్క క్షణం, ఒక్కటంటే ఒక్క క్షణం, నేను కూడా ఆ మట్టి వైపు చూసి చెవి రిక్కించాను. నర్సమ్మా రిక్కించింది. మీ దగ్గర దాపరికం ఎందుకు?

నేను ముండమోసినదాన్ని. మా ఆయన గొంతు ఎలా ఉండేదో ఇప్పుడు నాకు సరిగా గుర్తు కూడా లేదు. ఆ గొంతు నా మెడలో కట్టి మూడుసార్లు పిలిపించి ఉంటే, నేను గునపం కోసం కూడా ఆగను, గోళ్లతో తవ్వుదును. అందుకే ముసలాయన్ని పిచ్చోడని నేనెప్పుడూ అనను. ఎవరైనా అంటే వాళ్లతో మాట్లాడను.

ఆయనకి ఆయాసం వచ్చేసింది. గునపం జారిపోయింది. నేను గోతిలోకి దిగి, "మావా, కొంచెం కూకో. గుక్కెడు నీళ్లు తాగు. తర్వాత తవ్వుదువు, నేనూ తవ్వుతాను" అన్నాను. తవ్వుతానని ఎందుకన్నానో నాకే తెలీదు. ఆయన నమ్మి కూర్చున్నాడు. నీళ్లు తాగాడు. గోతి గోడకి ఆనుకుని కళ్లు మూశాడు. పక్కన నేను. పైన నర్సమ్మ. చెట్ల కింద మనుషులు. ఎవరం కదల్లేదు. ఆ నిదానంలో నాకు పెట్టె సంగతే తట్టలేదు.

"ఓయ్ ముసిలోడా!"

నేను కెవ్వుమన్నాను. చెట్ల కింద మగాళ్లు ఒక్క ఉదుటున వెనక్కి పోయారు. నా జబ్బకి ఆనుకుని ఉన్న మనిషి గుండె మీద నుంచి ఆ గొంతు. "అరుగు అరిగిపోనాది, నీ బద్దకం అరగలేదు. నెగు! నేను ముందెల్తన్నాను, నువ్వు ఎనకాల రా."

ముసలాయన గబుక్కున మట్టి మీదకి వంగాడు. "ఎక్కడున్నావే? ఊపిరాడతందా? ఒస్తన్నాను ఉండు!"

జవాబు లేదు. నర్సమ్మ పెట్టె లాగెయ్యబోతే చెయ్యి విదిలించేశాడు. కాసేపటికి రెండోసారి. అవే మాటలు, అదే తీరు.

ఈసారి ఆయన వంగలేదు. తల వంచి పెట్టె వైపు చూశాడు. మొహంలో ఏదో అనుమానం వచ్చింది. మూడోసారి పిలవడం మొదలెట్టింది. "ఓయ్ ముసిలోడా!"

"ఏటే కాకి గొంతుదానా!" అన్నాడు ఆయన, గట్టిగా.

"...నీ బద్దకం అరగలేదు. నెగు!"

"కాకి గొంతుదానా! నిన్నే!"

"నేను ముందెల్తన్నాను, నువ్వు ఎనకాల రా."

అంతే. ఆగిపోయింది.

ఆయన ఇంకా చూస్తూనే ఉన్నాడు దాన్ని. ఆవిడ ఏదో అంటాదని చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు. ఆ మొహం నేను చచ్చేదాకా మర్చిపోలేను.

"కాకి అన్నాను. ఊరుకున్నాది" అన్నాడు. "రెండుసార్లన్నాను. ఊరుకున్నాది ఆయమ్మా."

నేను ఆయన చేతి మట్టి తుడిచాను.

"ఊరుకున్నాదంటే, పోనాది."

తనే మెడలోంచి తాడు తీసి పెట్టెని నర్సమ్మకి అందించాడు. నర్సమ్మ దాన్ని రెండు చేతులా పట్టుకుని లేచి, అటూ ఇటూ నడవడం మొదలెట్టింది. ఆగితే మళ్లీ పిలుస్తాది కదా. ఆ రాళ్ల మధ్య, ఆ ఎండలో, ఏడుస్తూ, ఊపుతూ నడుస్తూనే ఉంది.

ముసలాయన గోతిలోంచి పైకి రావడానికి చెయ్యి చాచాడు. అంతదాకా అడుగు ముందుకెయ్యని కొడుకు పరిగెత్తుకొచ్చి ఆ చెయ్యి అందుకున్నాడు. తాడు పట్టుకున్న కుర్రాళ్లు తాడు వెనక్కి దాచుకున్నారు. తండ్రీ కొడుకులు కలిసి మట్టి లోపలికి తోశారు. తర్వాత ఒక్కొక్కరూ వచ్చారు. కుల పెద్ద కూడా వచ్చి రాయందించాడు. గిన్నె, గంటె ముసలాయనే పెట్టాడు, ఎలా ఉన్నవి అలాగే.

అంతా అయ్యాక నన్నడిగాడు. "ఆయమ్మా, ఇందాక నేనన్నది, దానికి ఇనబడిందా?"

కాకి అని తిట్టినందుకు బాధపడుతున్నాడేమో అనుకున్నాను నేను. ఓదార్పుగానే చెప్పాను. "లేదు మావా. ఆ పెట్టెకి నోరే గానీ చెవుల్లేవు. ఏటీ వినబడదు."

"ఇనబళ్లేదా" అన్నాడు. మొహం ఇంత చిన్నదైపోయింది.

మోకాళ్ల మీద వంగాడు. రాళ్ల మధ్య సందు చూసుకుని, అక్కడ నోరు పెట్టి, తోట అవతలికి వినబడేలా అరిచాడు.

"కాకి గొంతుదానా!"

అరిచి, చెవి రాయికి ఆనించి, అలాగే ఉండిపోయాడు. పొద్దు వాలుతోంది. ఇంత మందిమి ఉన్నాం. ఆయన్ని లెమ్మని ఎవరమూ అనలేదు.